వెనకబడ్డ రాయి

ఆ పొద్దున కుల్పాష్ పెట్టుకున్న పని ఒక్కటే, ఉప్పు పెరుగు ఉండలను కొట్టం కప్పు మీద ఎండబెట్టడం. సగం పరిచేసరికి, కొండ మీది వేధశాల జీపు నడిపే సపర్గాలి దుమ్ము రేపుకుంటూ వచ్చి దిగాడు.

"సుయిన్షి, పెద్దమ్మా! మా వేధశాలలో మీ అమ్మాయి మోల్దిర్ ఆకాశంలో కొత్త రాయిని పట్టింది. దానికి వాళ్ల నాన్న పేరు పెడుతుందట!"

శుభవార్త తెచ్చినవాడు 'సుయిన్షి' అని కేకవేస్తే అడిగింది ఇవ్వాల్సిందే. ఇచ్చింది వెనక్కి పుచ్చుకోకూడదు. సపర్గాలి పొట్టేలును అడిగాడు. పోయిన భర్త పేరు ఆకాశంలో ఉంటుందంటే పొట్టేలెంత? కుల్పాష్ కళ్లు తుడుచుకుంటూ తాడు విప్పింది.

పొట్టేలు వీధి దాటకముందే బడిపంతులు తొలెగెన్ ఊడిపడ్డాడు. "సుయిన్షి! ఆ రాయి మన భూమి పక్కనుంచే పోతోందట!" అది వేరే వార్త కాబట్టి టీనీళ్లు కాచే సమోవార్ ఆయనకు వెళ్లింది. వెనకాలే పొరుగింటి రబీగ వచ్చింది. "సుయిన్షి, వదినా! కానీ మనకి తగలదట!" అన్నిటికన్నా మంచి వార్త ఇదేనని ఊరంతా తేల్చింది. రబీగ కొత్త పరుపు చంకన పెట్టుకుపోయింది. మధ్యాహ్నానికి విందు మొదలైంది.

అప్పుడు కొండ దిగి వచ్చింది మోల్దిర్. జనాన్ని చూసి ఆమె మొహం పాలిపోయింది.

"కక్ష్య తేలేదాకా ఎవరికీ చెప్పొద్దన్నానుగా, అన్నా!"

"అందుకే మీ అమ్మకొక్కదానికే చెప్పాను" అన్నాడు సపర్గాలి.

"అది కొత్తది కాదమ్మా. ఇరవై రెండేళ్ల కిందట ఎవరో చూసి పోగొట్టుకున్నారు. పేరు పెట్టే హక్కు వాళ్లది. నాన్న పేరు పెట్టలేం."

ఎవరో కిసుక్కుమన్నారు. సపర్గాలి గబగబా, "ఇచ్చింది వెనక్కి పుచ్చుకోకూడదు" అన్నాడు.

కుల్పాష్ అవేవీ పట్టించుకోలేదు. "ఇన్నాళ్లూ ఎక్కడికి పోయిందే అది?"

మోల్దిర్ టీకుండను మధ్యకు జరిపి, చుట్టూ రెండు వేపుడు రొట్టెలు పెట్టింది. "కుండ సూర్యుడు. ఇది మనం, అది రాయి. మన ఇల్లంత ఉంటుంది. దాదాపు మన దారినే తిరుగుతుంది కానీ, ఒక్కో చుట్టుకీ మనకన్నా పదిహేడు రోజులు ఎక్కువ పడుతుంది. అలా ఏటేటా వెనకబడి కనపడకుండా పోతుంది. ఇరవై రెండో ఏట మనమే వెనకనుంచి వెళ్లి అందుకుంటాం."

పంతులు నోట్లో ముద్ద నోట్లోనే ఆగింది. జనం ఒక్కొక్కరే వాకిట్లోకి వచ్చి తలెత్తారు. ఎండలో ఏమీ కనపడలేదు. అయినా ఎవరూ తల దించలేదు. చందమామకు కాస్త అవతల, ఇల్లంత రాయి ఒకటి, అంత చీకటి ఒంటరిగా దాటుకుని, చెప్పిన వేళకు వచ్చి ఉంది.

"పోలేదన్నమాట. వెనకబడిందంతే" అంది కుల్పాష్ మెల్లగా. "పేరు వాళ్లనే పెట్టుకోనీ తల్లీ. కొత్తదని పొట్టేలిచ్చాను. పోయిందనుకున్నది తిరిగొచ్చిందంటే ఆవునివ్వొద్దూ? ఈ వార్త నాకు తెచ్చిందెవరు?"

పద్నాలుగు మంది ముందుకొచ్చారు. వాళ్లలో మోల్దిర్ లేదు.