భర్త వల్ల: ఒకటి

పెళ్లైన మొదటి ఏడాది తనకు ఎంత ఆనందం కలుగుతుందో ముందే అంచనా వేసి, అందులో పదో వంతు నాలుగు వాయిదాల్లో ప్రభుత్వానికి కట్టనందుకు తనూజకు ఏప్రిల్ రెండో వారంలో నోటీసు వచ్చింది. కాకినాడలో ఇలాంటి నోటీసులు ఆ వారమంతా వస్తూనే ఉంటాయి. పోస్టుమ్యాన్ కూడా వాటిని పాల బిల్లులాగా తలుపు సందులోంచి తోసి వెళ్లిపోతాడు.

పన్ను కొత్తదేమీ కాదు. ప్రతి ఇంటి గుమ్మం పక్కన కరెంటు మీటరుకు జోడీగా ఆనందం మీటరు ఉంటుంది. నెలకోసారి రీడింగు తీసుకుంటారు. మనిషికి ఏడాదికి యాభై దాటకపోతే పన్ను లేదు. దాటితే మొత్తం మీద పదింటికి ఒకటి ఇచ్చేయాలి. ఇచ్చేయడమంటే, జరిగిన సంగతి గుర్తుంటుంది, అందులోని ఆనందం మాత్రం ఆఫీసులో ఉండిపోతుంది. పన్ను కింద ఏవి ఇవ్వాలో కట్టేవాళ్లే ఎంచుకోవచ్చు. అందుకని జనం బస్సులో కిటికీ పక్క సీటు దొరకడం, కూరగాయలవాడు కొసరుగా కొత్తిమీర వేయడం లాంటివి తీసుకెళ్లి ఇస్తారు. అపరాధం పడితే మాత్రం అధికారే ఎంచుకుంటాడు. అదీ పెద్ద ఆనందాలుండే జాబితా పైనుంచి ఎంచుకుంటాడు.

అంచనా ఫారం కిందటేడు జూన్ పదిహేనులోగా ఇవ్వాలి. తనూజ పెళ్లి జూన్ పన్నెండున అయింది. పధ్నాలుగున, ఇంకా కాళ్ల పారాణి పోకముందే, పక్కింటి కనకరత్నం గారు వచ్చి సలహా చెప్పింది.

"నలభై తొమ్మిది రాసెయ్యమ్మా. ఈ వీధిలో అందరం అదే రాస్తాం. పన్నూ ఉండదు, దిష్టీ తగలదు. ఎవరైనా ఎలా ఉన్నావంటే, ఏదో అలా నడుస్తోందను. అంతే."

తనూజ ఎమ్మెస్సీ లెక్కల్లో ఫస్టు క్లాసు. నలుగురూ రాసేది రాయడం ఆమెకు చేతకాలేదు. కూర్చుని లెక్క వేసింది. ముప్పై ఒకటి వచ్చింది. అదే రాసి ఇచ్చింది. యాభై లోపే కాబట్టి వాయిదాలేమీ కట్టలేదు.

మార్చి ముప్పై ఒకటిన మీటరు ఆమె పేరిట ఆరువందల నలభై చూపించింది.

ఎలా వచ్చాయంటే, వాటంతట అవే వచ్చాయి. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు ఆనుకుని ఉండటం చూసి ఒకటి. గ్యాసు కనెక్షను పుస్తకంలో ఇద్దరి పేర్లూ ఉన్నందుకు ఒకటి. భర్త భార్గవ దుప్పటి మడతపెట్టబోయి, నాలుగు కొసలూ ఎక్కడున్నాయో తెలియక తానే అందులో చుట్టుకుపోయినప్పుడు వరసగా మూడు. ఆటోవాడితో అతను "మా ఇంటికి పోనీ" అని, ఇల్లెక్కడో చెప్పడం మరిచిపోయినందుకు రెండు. మీటరు రీడింగు తీసే ఆవిడ ఆగస్టులోనే చెప్పింది, "కొంచెం చూసుకోండమ్మా, గిర్రున తిరుగుతోంది," అని. తనూజ నవ్వింది. అది కూడా లెక్కలో పడింది.

విచారణకు భర్తను కూడా తీసుకురావాలని నోటీసులో ఉంది. ఆనందం ఎవరి వల్ల కలిగిందో వాళ్లు సాక్షిగా ఉండాలని నిబంధన. ఇద్దరూ స్కూటరు మీద వెళ్లారు. తనూజే నడిపింది.

అధికారి పేరు వీరభద్రం. బల్ల మీద రెండు ఫైళ్లు, ఒక స్టాంపు, మూతపెట్టిన మజ్జిగ గ్లాసు. వీళ్ల వెనక బెంచీల మీద తమ వంతు కోసం ఇరవై మంది దాకా కూర్చున్నారు. ఆ గదిలో ఫ్యాను లేదు కాబట్టి ఏం మాట్లాడినా అందరికీ వినపడుతుంది.

"అసలు పన్ను అరవై నాలుగు," అన్నాడు వీరభద్రం. "నాలుగు వాయిదాల్లో ఏదీ కట్టలేదు. జూన్‌లో కట్టాల్సిన పదిహేను శాతం లోటు మీద నెలకు ఒక శాతం చొప్పున మూడు నెలలు. సెప్టెంబరు, డిసెంబరు లోట్ల మీద కూడా అంతే. మార్చిది ఒక్క నెల. అంతా కలిపితే మూడు పైన కొంచెం. పావు ఆనందం, అర ఆనందం తీసే ఏర్పాటు మాకు లేదు. నాలుగు అనుకోండి."

"అలాగేనండి," అంది తనూజ.

"అలాగే కాదమ్మా. దిష్టి భయంతో తగ్గించి రాసేవాళ్లు నలభై తొమ్మిది రాస్తారు. పాతికేళ్ల సర్వీసులో ముప్పై ఒకటి నేను చూడలేదు. మీరు లెక్కేసి రాశారు." ఆయన కళ్లద్దాలు సవరించుకుని ఫారం పైకెత్తి చదివాడు. "జీతం రోజులు పన్నెండు. మామిడిపళ్లు ఎనిమిది. పండుగలు ఆరు. పుట్టింటికి వెళ్లడం నాలుగు. భర్త వల్ల ఒకటి."

బెంచీల మీద ఎవరో దగ్గారు.

"ఏంటమ్మా ఆ ఒకటి?"

తనూజ బల్ల మీది స్టాంపు కేసి చూసింది. "స్కూటర్ నేర్పిస్తారేమోనని."

"నేర్పించారా?"

"నేర్పించారండి."

"మామిడిపళ్ల కంటే ఏడు తక్కువన్నమాట," అంది బెంచీ మీది ఒక పెద్దావిడ, పక్కావిడతో, మెల్లగా అన్నాననుకుని. భార్గవ తన చొక్కా గుండీ ఒకదాన్ని విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. అతని చెవులు ఎర్రబడటం తనూజ పక్క నుంచి చూసింది. ఏడాదిలో ఆ చెవుల వల్లనే ఆమెకు పద్దెనిమిది ఆనందాలు కలిగాయి. ఇప్పుడు వాటిని చూడలేక తల దించుకుంది.

"కంగారు పడకండి. మీకు మాఫీ ఉంది," అన్నాడు వీరభద్రం. సొరుగులోంచి పచ్చ ఫారం తీశాడు. "కావాలని తగ్గిస్తేనే అపరాధం. నిజంగా ఆశ లేక తక్కువ రాసినవాళ్లకు నాలుగూ రద్దు. ఇక్కడ 'నా భర్త వల్ల పెద్దగా ఆనందం కలుగుతుందని నేను మనస్ఫూర్తిగా అనుకోలేదు' అని ఉంది, దాని కింద మీ సంతకం. సాక్షిగా ఆయన సంతకం. అయిపోతుంది."

భార్గవ జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, ఆమె ముందు పెట్టాడు.

"పెట్టెయ్ తనూ. నాలుగు పోకుండా ఉంటాయి."

"మీరు వినకుండా ఉంటే బాగుండేదండి."

"ఇప్పుడు విన్నాను కదా. పెట్టెయ్."

ఆమె పెన్ను అందుకోలేదు. పెళ్లి పీటల మీద అతని ముఖం గుర్తొచ్చింది. తలంబ్రాలు పోస్తుంటే చుట్టూ అందరూ కేకలు వేస్తున్నారు. అతను రేషను షాపు వరసలో నిలబడ్డవాడిలా ఉన్నాడు. బిందెలో ఉంగరం తీసినప్పుడు కూడా అంతే. ఫోటోగ్రాఫరు "సార్, కొంచెం నవ్వండి" అని పదిసార్లు అడిగి విసుగెత్తి మానేశాడు. ఆ ముఖం చూశాకే కదా, మూడో రోజున ఆమె ఒకటి అని రాసింది.

"పెళ్లిలో ఈయన నవ్వలేదండి," అంది వీరభద్రంతో, అది కూడా లెక్కలో ఒక అంకె అయినట్టు. "అందుకే."

"ఎలా నవ్వుతారు?" అని వీరభద్రం రెండో ఫైలు తెరిచాడు. "ఈయన తాంబూలాలు పుచ్చుకున్న మర్నాడే మే నెలలో వచ్చి అంచనా ఇచ్చేశారు. తొమ్మిది వందలు. ఈ ఆఫీసులో అంత ఎవరూ రాయలేదు. పన్ను తొంభై, మొదటి వాయిదా పధ్నాలుగు. అప్పటికి చేతిలో అన్ని లేవు. పెళ్లిలోవి మూలంలోనే కోసుకోమన్నారు. పీటల మీద కూర్చున్నప్పటి నుంచి అరుంధతిని చూసేదాకా పధ్నాలుగు కోశాం. ఇదిగో రసీదు."

రసీదు మీద వరసగా ఉన్నాయి. జీలకర్ర బెల్లం. తెర తీయడం. తలంబ్రాలు, మూడు దోసిళ్లు విడివిడిగా.

"ముందు చెప్పొచ్చు కదండీ," అంది తనూజ.

"ఏం చెప్పను? పన్ను కట్టానని గొప్పగా చెప్పుకుంటారా ఎవరైనా?" అన్నాడు భార్గవ. "ఎక్కువే కట్టాను. ఇరవై నాలుగు వాపసు రావాలి."

"వస్తాయి," అన్నాడు వీరభద్రం. ఎప్పుడన్నది చెప్పలేదు.

తనూజ పచ్చ ఫారం వెనక్కి తోసింది. మాఫీ వాక్యంలో అక్షరం అబద్ధం లేదు. అందుకే దాని కింద సంతకం పెట్టలేకపోయింది.

"దిష్టి భయంతో తగ్గించి రాశానండి," అంది.

"అమ్మా, అది అబద్ధమని నాకు తెలుసు."

"సంతకం ఎక్కడ పెట్టాలండి?"

సంతకం ఉంటే అబద్ధం కూడా ఆఫీసుకు సరిపోతుంది. వీరభద్రం చూపించిన చోట ఆమె పెట్టింది. పన్ను కింద అరవై నాలుగు చిన్నవి ఏరి ఇచ్చింది. అప్పుడాయన జాబితా పైనుంచి నాలుగు పద్దుల కింద గీత గీశాడు. మొదటిది ఇలా ఉంది: శ్రావణ మాసం, బీచ్ రోడ్డు, స్కూటరు నేర్చుకోవడం, వెనక పట్టుకుని పరిగెత్తుతున్న భర్తకు ఒక చెప్పు ఊడిపోవడం, అయినా వదలకుండా ఒంటి చెప్పుతో దీపస్తంభం దాకా పరిగెత్తడం.

స్టాంపు నాలుగుసార్లు పడింది. నొప్పి ఉండదు. తనూజ ఒకసారి కళ్లు ఆర్పింది, అంతే. "తర్వాత," అని వీరభద్రం పిలిచాడు. మామిడిపళ్ల లెక్క చెప్పిన పెద్దావిడ లేచింది.

తిరిగి వచ్చేటప్పుడు భార్గవ వెనక కూర్చున్నాడు. ఇంటి దగ్గర కనకరత్నం గారు గేటు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ కొంగు చాటున కాజాల పొట్లం ఉంది. ఆవిడ మీటరు మీద, అది తిరగకుండా, ఎప్పటిలాగే తడిగుడ్డ కప్పి ఉంది.

"ఏమ్మా, ఎలా ఉన్నారు ఇద్దరూ?"

"ఏదో, అలా నడుస్తోంది పిన్నిగారూ," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"మాదీ అంతేలే," అని ఆవిడ తృప్తిగా లోపలికి వెళ్లిపోయింది.

కొత్త ఏడాది అంచనా ఫారాలు బల్ల మీద ఉన్నాయి. భార్గవ తన ఫారం ముందుకు లాక్కుని, ఏమీ లెక్క వేయకుండా నలభై తొమ్మిది అని రాశాడు.

"ఈసారి దాటకుండా చూసుకుందాం," అన్నాడు.

"చూసుకుందామండి," అంది తనూజ.

ఆమె చెప్పులు విడుస్తూ గుమ్మం లోపలి స్టాండు కేసి చూసింది. పై అరలో, తన ఎమ్మెస్సీ పతకం పక్కన, ఒక మగ చెప్పు ఒంటిగా ఉంది. దాన్ని అక్కడ పెట్టింది తనే. తుడిచి పెట్టింది. ఎప్పుడో, ఎందుకో కూడా స్పష్టంగా గుర్తుంది.

"ఈ ఒంటి చెప్పు ఇంకా ఎందుకండీ, చోటు దండగ?"

భార్గవ తలెత్తి చూశాడు. ఏదో చెప్పబోయి, "అవును, తీసెయ్," అన్నాడు.

తనూజ దాన్ని చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని వచ్చి అతని పక్కన కూర్చుంది. తన ఫారంలో కూడా నలభై తొమ్మిది అని రాసింది. గుమ్మం పక్కన మీటరు కదలకుండా ఉంది.