పిట్టల విభాగం

ఆ శనివారానికి రోండా పెంబర్టన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగి, కొండవైపు వీధికి వెళ్లి, ఒక పిట్టకు ఫోటో తీసి, దాన్ని మధ్యాహ్నంలోగా క్యాలెండర్ వాళ్లకు పంపించి, ఆ తర్వాత ఆడపడుచు ఇంటికి భోజనానికి వెళ్లడం. ఇందులో పొరపాటు దూరడానికి సందు ఎక్కడుందో ఎవరికీ కనబడదు. రోండాకు అసలే కనబడదు. రిటైరయ్యేదాకా స్కూలు బస్సు నడిపిన మనిషి ఆవిడ. వెనక బస్సెడు పిల్లలు కొట్టుకుంటున్నా కొండ మలుపుల్లో గేరు తప్పని చెయ్యి అది.

బస్సు దిగాక కెమెరా పట్టింది. ఇల్లవారా తీరం పొడుగునా ఆవిడ ఫోటో తీయనిదంటూ లేదు. ఉక్కు కర్మాగారం పొగగొట్టాల వెనక సూర్యోదయం, చేపల రేవులో పెన్షన్ కోసం వచ్చినట్టు వరసగా నిలబడ్డ పెలికన్లు, వానకు తడిసిన రైలు ప్లాట్‌ఫారం, చలికాలంలోనూ ఒడ్డున కట్టిన సముద్రపునీటి ఈతకొలనులో దిగి తర్వాత ఊరందరికీ చెప్పుకునే ముసలి ఈతగాళ్లు. లైబ్రరీవాళ్లు ఏటా మన ప్రాంతం బొమ్మలతో ఒక క్యాలెండర్ వేస్తారు. రోండా ఏటా పంపుతుంది. వాళ్లు ఏటా "చాలా బాగుంది, వచ్చే ఏడు చూద్దాం" అంటారు. కిందటేడు డిసెంబరు పేజీ ఒక పళ్ల డాక్టరు తీసిన సూర్యాస్తమయానికి పోయింది.

"సూర్యుడు కదలకుండా కూర్చుంటాడు, వీడు నొక్కుతాడు. అదీ ఒక ఫోటోయేనా?" అని రోండా అప్పట్లో వారం రోజులు అన్నది.

ఈ ఏడు ఆవిడ చేతిలో గట్టి ముక్క పడింది. కురాజాంగ్ వీధిలో ఒక నీలగిరి చెట్టు మీద ఫ్రాగ్‌మౌత్, అంటే కప్పనోటి పిట్ట, గూడు పెట్టిందనీ, రెండు పిల్లలు కూడా ఉన్నాయనీ ఉత్తరాలు పంచే అమ్మాయి చెప్పింది. ఆ పిట్ట సంగతి ఆ తీరంలో అందరికీ తెలుసు, చూసినవాళ్లు మాత్రం తక్కువ. పగలంతా అది మెడ నిక్కించి, కళ్లు సన్నగా మూసుకుని, అచ్చం విరిగిన కొమ్మ మోడులా కూర్చుంటుంది. అలికిడైతే ఇంకా కొమ్మైపోతుంది. అది కళ్లు తెరిచిన క్షణాన్ని పట్టుకుంటే డిసెంబరు పేజీ తనదేనని రోండాకు రవ్వంత అనుమానం లేదు.

ఆవిడ గుమ్మం దాటబోతుంటే భర్త నెవిల్ ఒక నారింజరంగు చొక్కా పట్టుకుని అడ్డం వచ్చాడు. ఆయన రైల్వేలో ఉన్నప్పుడు పట్టాల మీద వేసుకున్నది, మెరిసే పట్టీలున్నది.

"ఇది తొడుక్కో."

"నేను పిట్టను తీయడానికి వెళ్తున్నా నెవిల్, రైలు ఆపడానికి కాదు."

"పోయిన వారం రోడ్డు మధ్యలో కూచుని నీళ్లగుంటకు ఫోటో తీస్తుంటే ఆ పాలవ్యాను నీమీద నుంచే పోయేది. పిట్టకు నువ్వు కనబడకపోయినా ఫర్వాలేదు. వ్యానుకు కనబడాలి."

రోండా తొడుక్కుంది. వాదించేంత టైము లేదు మరి.

కురాజాంగ్ వీధిలో ఆవిడ ముక్కాలి స్టాండు నిలబెట్టి, దాని మీద కెమెరా బిగించి, నొక్కితే ఫోటో పడే బటన్ తీగ చేతిలో పట్టుకుని, చెట్టుకేసి చూస్తూ నిలబడింది. గూడు కనబడింది. ఈ పిట్టల్లో పగటి కాపలా తండ్రిదే, అది కొమ్మలా కూర్చునుంది. దాని కడుపు కింద నుంచి తెల్లటి నూగు కొంచెం బయటికొచ్చింది. చెట్టు వెనక ఇంటి తలుపు తెరుచుకుని, బనీను మీద ఉన్న ఒక పెద్దమనిషి కాఫీ కప్పుతో బయటికొచ్చాడు. ఆయన పేరు లుప్చో. మాసిడోనియా నుంచి కుర్రతనంలో వచ్చి ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైనవాడు. నారింజ చొక్కానూ, ముక్కాలి స్టాండునూ చూడగానే ఆయన కప్పు గట్టు మీద పెట్టేశాడు.

"ఏం చూస్తున్నారు మేడం?"

"ష్!" అంది రోండా గొంతు తగ్గించి. "గట్టిగా మాట్లాడకండి. ఇక్కడున్నవాటినే చూస్తున్నా. ఒకటి పెద్దది, రెండు చిన్నవి. అవునా?"

లుప్చో ఒకసారి పెరటివైపు తిరిగి చూశాడు. "మీకెవరు చెప్పారు?"

"ఉత్తరాలిచ్చే అమ్మాయి."

"ఆ అమ్మాయా? ఏటా క్రిస్మస్‌కు పచ్చడి సీసా ఇస్తానే ఆ పిల్లకి!"

"అసలు ఇలా ఎవరి కళ్లా పడకుండా దాచుకోవడంలో ఎంత తెలివుందో చూడండి. దారినపోయే ఏ మనిషికీ అనుమానం రాదు."

"తెలివి కాదు మేడం. మా ఆవిడ పోరు పడలేక..." అన్నాడు లుప్చో. ఆవిడకు పిట్టలంటే ఇష్టం కాబోలని రోండా అనుకుంది.

"ఇప్పుడు మీరేం చేస్తారు?"

"ఫోటో తీసి మధ్యాహ్నంలోగా పంపించేస్తా. అన్నీ సవ్యంగా జరిగితే ఊరంతా చూస్తుంది. ప్రతి వంటింటి గోడ మీదా వేలాడుతుంది."

"వంటింటి గోడల మీదా!" అన్నాడు లుప్చో. గబగబా ఇంట్లోకి పోయాడు.

రోండాకు తెలియని సంగతేమిటంటే, లుప్చో పెరట్లో ఎర్ర మిరపకాయలు కాల్చి పచ్చడి చేసుకోవడానికి ఒక పెద్ద రేకుల షెడ్డు, దాని పక్కన రెండు చిన్నవీ ఉన్నాయి. మూడింటికీ మునిసిపాలిటీ అనుమతి లేదు. నారింజ చొక్కా, ముక్కాలి స్టాండు చూసి ఆయన ఆవిడను మునిసిపాలిటీ మనిషనుకున్నాడు. కాసేపటికి పెరట్లో సుత్తి మోత మొదలైంది. పిట్ట ఇంకాస్త బిగుసుకుంది. ఇంతకుముందు కొమ్మలా ఉన్నది ఇప్పుడు ఎండిన కొమ్మైంది. రోండా కంచె దగ్గరికి పరుగెత్తి మునివేళ్ల మీద లేచి చూసింది. లుప్చో షెడ్డు కప్పెక్కి రేకులు పీకుతున్నాడు.

"ఏమండీ! ఏంటా చప్పుడు? ఆపండి!"

"తీసేస్తున్నా మేడం! మధ్యాహ్నానికి ఆనవాలుండదు, చూడండి!"

"ఏం తీయొద్దు! నా పని అయ్యేదాకా ఏదీ కదపకండి. ఎక్కడిదక్కడ అలాగే ఉండాలి!"

లుప్చో సుత్తి ఒళ్లో పెట్టుకుని కప్పు మీదే కూలబడ్డాడు. సాక్ష్యం చెరిపినందుకు విడిగా కేసు పెడతారేమోనని ఆయన భయమట.

రోండా స్టాండు దగ్గరికి తిరిగొచ్చేసరికి ఎదురింటి కోరల్ అక్కడ నిలబడి ఉంది. ఇంటిగౌను మీద ఉంది, చేతిలో టీ ఉంది. ఆ వీధిలో ఎవరింటికి ఏ సామాను దిగినా మొదట ఆవిడకే తెలియాలి.

"ఏమ్మా, లుప్చో కొంప పీకేసుకుంటున్నాడేంటి?"

"నాకేం తెలుసు?"

"తెలీకుండానే కొలతలు తీస్తున్నావా?"

"కొలతలు కాదు. పిట్టను తీస్తున్నా. అదిగో, ఆ పంగలో."

కోరల్ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "అది ఎండుకొమ్మ."

"కొమ్మ కాదు, పిట్ట."

"నాకు చెప్తావా? ఆ కొమ్మను నేను వారం నుంచీ చూస్తున్నా."

రోండా కెమెరా తెరమీద అప్పటిదాకా తీసినవన్నీ చూపించింది. కోరల్ చివరిదాకా ఓపిగ్గా చూసి, "ఇన్ని వైపుల నుంచి ఎండుకొమ్మను ఎందుకు తీస్తారో తెలీనంత పిచ్చిదాన్ని కాదు" అని, ఫోను తీసి వీధంతటికీ చెప్పేసింది. ఎండుకొమ్మ సాకు పెట్టి చెట్టు కొట్టేస్తున్నారు, చెట్టు పోతే రోడ్డు వెడల్పు చేస్తారు, లుప్చోను అప్పుడే ఖాళీ చేయిస్తున్నారు.

ఇంక చూడాలి. నిద్రకళ్లతో, ఈత దుస్తుల్లో, టోస్టు నోట్లో పెట్టుకునీ జనం వచ్చేశారు. కొందరు మడత కుర్చీలు తెచ్చి చెట్టు చుట్టూ వేసుకున్నారు. కోరల్ చెట్టుకు వీపానించి నిలబడింది. రోండా ఎవరితో పిట్ట అన్నా వాళ్లు పైకి చూసి, ఆవిడకేసి జాలిగా చూశారు. ఒకాయన మాత్రం కెమెరా తెర చూసి, "కొమ్మ చాలా అందంగా వచ్చిందండీ" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుతో రోండాకు ఒళ్లు మండింది.

ఇంతలో ఇంకెవరో ఆవేశపడి మునిసిపాలిటీకే ఫోను చేసి, ఎండుకొమ్మ పేరు చెప్పి మా చెట్టు మీదికి వచ్చారు, వెంటనే మనిషిని పంపండి అని అరిచారు. చుట్టూ గోల. అవతల ఫోను ఎత్తినాయనకు ఎండుకొమ్మ, చెట్టు, వెంటనే అన్న మూడు ముక్కలే వినబడ్డాయి. ఆ వారం పెనుగాలులు వీచినందువల్ల చెట్ల సిబ్బంది శనివారమైనా పనిలోనే ఉన్నారు. మనిషిని పైకెత్తే తొట్టె ఉన్న లారీ వీధి చివర తిరిగింది. అందులోంచి డారెన్ అనే భారీ మనిషి దిగి, తల పైకెత్తి చూశాడు.

"అదిగో ఎండుకొమ్మ. చిటికెలో పని."

"ఆ కొమ్మ ఒక్కటే తీస్తారా? చెట్టు జోలికి రారు కదా?" అంది కోరల్.

"రామమ్మా. దాని జోలికి మాకెందుకు?"

కోరల్ జనంకేసి తిరిగింది. నెగ్గిన తృప్తి మొహమంతా ఉంది. "అలా దారికి రండి! కొమ్మ తీసుకోండి, చెట్టు మాకొదిలేయండి." జనం చప్పట్లు కొట్టారు. కుర్చీలు వెనక్కి జరిగాయి. ఆ తోపులాటలో ముక్కాలి స్టాండు ఎవరి మోకాలో తగిలి పక్కకు తిరిగింది.

రోండా తలెత్తి గూటికేసి చూసింది. డిసెంబరు పేజీ పోతే పోయింది, పళ్ల డాక్టరు ఇంకో పదేళ్లు సూర్యుణ్ని తీసుకుంటే తీసుకున్నాడు. ఆ కడుపు కింద రెండు పిల్లలున్నాయి. తొట్టె లేచింది. మోటారు రంపం గుర్రుమంది. పొద్దుట్నుంచీ పిట్టను తీస్తున్నానని నెత్తీనోరూ కొట్టుకున్నా ఎవరూ నమ్మలేదు, మునిసిపాలిటీ మనిషినే అనుకున్నారు. సరే, నమ్మినదాన్నే ఇద్దాం అనుకుంది. వెనక సీటు దాకా వినబడే తన పాత గొంతు తీసింది.

"రంపం ఆపు!"

రంపం ఆగింది. టోస్టు నమిలేవాళ్లు నమలడం ఆపారు. పెరటి కప్పు మీద లుప్చో లేచి నిలబడ్డాడు.

"ఈ చోటికి అధికారిని నేను! నా మాట లేకుండా ఒక్క ఆకు రాలకూడదు!"

"నేను చెప్పలేదూ!" అంది కోరల్ అందరితో.

డారెన్ తొట్టెలోంచి వంగి చూశాడు. నారింజ చొక్కా కనబడింది. "ఏ విభాగం మేడం?"

"పిట్టల విభాగం."

"మనకు పిట్టల విభాగం కూడా ఉందా?"

"నీ ఎదురుగా కనబడ్డం లేదూ? ఇప్పుడు రంపం కింద పెట్టు. ఇంకొంచెం పైకి పో. ఆ కొమ్మ మొహంలో మొహం పెట్టి చూడు. అప్పటికీ అది కొమ్మే అనిపిస్తే కొయ్యి."

డారెన్ భుజాలెగరేసి తొట్టె పైకి లేపాడు. పంగ దగ్గరకు చేరి మొహం ముందుకు చాపాడు. కొమ్మ రెండు పసుపుపచ్చ కళ్లు తెరిచింది. ఆ వెంటనే, తలంతా నోరే అన్నట్టు, ఇంత వెడల్పు నోరు తెరిచి బుస్సుమంది.

"ఓరి నాయనో!" అంటూ డారెన్ తొట్టెలో చతికిలబడ్డాడు. టోపీ ఎగిరి కిందపడింది. గూట్లోంచి దూదిపింజల్లాంటి రెండు తలలు లేచి, అవీ నోళ్లు తెరిచాయి. కింద వీధి యావత్తూ నోరు తెరిచింది. రోండా పిట్ట మీద నుంచి చూపు తిప్పకుండా, చేతిలోని బటన్ ఆగకుండా నొక్కింది.

అంతా చల్లబడ్డాక రోండా డారెన్ దగ్గరికెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. తనది పిట్టల విభాగమూ కాదు, ఏ విభాగమూ కాదు.

"నాకప్పుడే అనుమానం వచ్చిందమ్మా" అన్నాడు డారెన్, టోపీ దులుపుకుంటూ. "మా అధికారులు శనివారాలు రారు."

"మరెందుకు ఆగావయ్యా?"

"మీరు అరిచిన అరుపుకి, మా అమ్మే వచ్చిందనుకున్నా."

కప్పు మీద నుంచి లుప్చో, మరి తన షెడ్ల సంగతేమిటని అడిగాడు. "నావి చెట్లు. షెడ్లు నాకు కనబడవు" అని డారెన్ లారీ ఎక్కాడు. ఒక పిట్ట కోసం సగం కప్పు పీకేసుకున్నానని అర్థమై లుప్చో తల పట్టుకున్నాడు. ముందు కోరల్ నవ్వింది, తర్వాత వీధి నవ్వింది, చివరికి ఆయనా నవ్వాడు. వచ్చిన జనం ఎలాగూ వచ్చారు కాబట్టి తలో రేకూ అందించి, కప్పు వేసేశారు. లుప్చో వాళ్లావిడ రొట్టెలూ పచ్చడీ పట్టుకొచ్చింది. పోరు పెట్టే మనిషిలా ఏమీ లేదు. రోండా రెండుసార్లు వేయించుకుంది. ఆడపడుచు ఇంటికి భోజనానికి బయల్దేరాలన్న సంగతి నెవిల్ ఫోను చేస్తేగాని గుర్తురాలేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే, నోరు తెరిచిన పిట్ట ఒక్క ఫోటోలోనూ లేదు. స్టాండు పక్కకు తిరిగిందని ఆవిడ చూసుకోలేదు. ఉన్నదల్లా జనమే. ఇంటిగౌనులో కోరల్, ఈత దుస్తుల్లో ఎవరో, నోట్లోంచి టోస్టు జారిపోతున్న ఒకాయన, వెనక కప్పు మీద సుత్తితో లుప్చో, అందరూ తలలెత్తి, ఇంతింత నోళ్లు తెరుచుకుని. ఉదయపు ఎండ ఆ మొహాల మీద పడి ఒక్కొక్కటీ వెలుగుతోంది.

నెవిల్ వెనక నుంచి చూసి, "పోనీలే, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు.

"నోర్ముయ్. నేను తీసిన అన్నిట్లోకీ ఇదే గొప్పది" అంది రోండా. అనడమే కాదు, గడువుకు కాస్త ముందు దాన్నే పంపించింది.

డిసెంబరు పేజీ దానికే వచ్చింది. పళ్ల డాక్టరు అక్టోబరుకు పోయాడు. క్యాలెండర్ ఇంటింటికీ చేరిన రోజు సాయంత్రం కోరల్ ఫోను చేసింది. ఫోటో బాగానే ఉందనీ, కాకపోతే తన కళ్లు మూతపడ్డాయనీ, వీలు చూసుకుని ఆ పిట్టనూ డారెన్‌నూ పిలిపించి ఇంకొక్కసారి తీయమనీ అడిగింది.