మూయని సెలూన్

సెలూన్ గోడలు పెచ్చులూడుతున్నాయి, ఈ వారం బాగు చేయించాలి, కానీ కొట్టు ఒక్క పూట కూడా మూయకూడదు. ఆ ఉదయం బాబాయి వేసుకున్న పథకం ఇంతే. పొరుగూళ్ళో ఉన్న కూతురు ఫోనులో లబోదిబోమంది.

"నాలుగు రోజులు మూసేసి ఇంట్లో పడుకో నాన్నా! ఆ దుమ్ములో క్షవరాలేమిటి?"

"ఇంట్లో గోడలతో మాట్లాడుకోమంటావా అమ్మా? ఇక్కడైతే గోడ కట్టే మేస్త్రీ అయినా ఉంటాడు."

వీధి వీధంతా బాబాయి అని పిలిచే ఆయనకు భార్య పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి ఇల్లంటే భయం. సెలూన్లో అలా కాదు. మెడకు గుడ్డ కట్టించుకున్న మనిషి లేచి పారిపోలేడు కదా, ఎంతసేపైనా వింటాడు.

మేస్త్రీ ఎడమ గోడ కొడుతుంటే కుడి పక్క కుర్చీలో క్షవరాలు సాగాలన్నది ఏర్పాటు. సుత్తి రెండో దెబ్బకే కుడి గోడ పెచ్చు కూడా ఊడిపడింది.

"బాబాయ్, అద్దం తీసెయ్. పగిలితే మళ్ళీ నన్నంటావ్" అన్నాడు మేస్త్రీ.

అద్దం ఎదురుగా ఉన్న దర్జీ వరండాకి వెళ్ళింది. అద్దం లేనిచోట కుర్చీ ఎందుకని కుర్చీ వెళ్ళింది. రంగు వేయాలని బోర్డూ వెళ్ళింది. ఇదంతా చూసి దర్జీ తనకు తోచింది తేల్చేసుకున్నాడు. "పాపం, కొట్టెత్తేసి కూతురి దగ్గరికి పోతున్నాడు" అని చొక్కా కొలతలివ్వడానికి వచ్చిన పోస్ట్‌మ్యాన్ చెవిన వేశాడు. పోస్ట్‌మ్యాన్ చేతిలో పడ్డ కబురు ఆగుతుందా? ఇంటింటికీ ఇచ్చి వచ్చాడు.

మధ్యాహ్నానికి సెలూన్ ముందు జనం పోగయ్యారు. గుమ్మంలో నెత్తినుంచి పాదాలదాకా తెల్లటి దుమ్ముతో, ముక్కుకి గుడ్డ కట్టుకుని, చీపురుతో ఒకాయన నిలబడి ఉన్నాడు. అది బాబాయేనని ఎవరూ పోల్చుకోలేదు. మేస్త్రీ దగ్గరి కూలీ అనుకున్నారు.

"వెళ్ళిపోయాడా బాబాయి?" అన్నాడు కిరాణా కొట్టాయన.

బాబాయి నోరు తెరిచేలోగా పోస్ట్‌మ్యాన్ అందుకున్నాడు. "మంచోడేలే. కానీ ఏం వాగుడండీ బాబూ! జుట్టు తియ్యమని తల అప్పగిస్తే బుర్ర కూడా తినేసేవాడు."

అందరూ ఘొల్లుమన్నారు. బాబాయి ముక్కుగుడ్డ ఇంకాస్త పైకి లాక్కున్నాడు. ఇన్నాళ్ళూ వాళ్ళు తన కబుర్ల కోసమే వస్తున్నారనుకున్నాడు. ఇక ఈ కొట్టు కూడా ఇల్లులాగే అయిపోయిందనిపించి ఏడుపొచ్చింది.

"బాబాయ్! ఆ చీపురిలా తే" అని లోపలినుంచి మేస్త్రీ కేకేశాడు.

ఎవరి ముఖంలోనూ కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. పోస్ట్‌మ్యాన్ గబగబా రోడ్డు దాటి, దర్జీ వరండాలోని కుర్చీలో కూలబడ్డాడు. "క్షవరం చెయ్ బాబాయ్" అన్నాడు, పోయిన వారమే చేయించుకున్నవాడు. మిగతావాళ్ళు తలలు దించుకుని వెనక వరస కట్టారు.

బాబాయి గుడ్డ కట్టాడు, నీళ్ళు చల్లాడు, కత్తెర ఆడించాడు. ఒక్క మాట లేదు. ఆ వీధిలో అంత నిశ్శబ్దంగా క్షవరం ఎన్నడూ జరగలేదు.

"ఏదో ఒకటి అను బాబాయ్, భయమేస్తోంది" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"ఏముంది అనడానికి?"

"మొన్న సగంలో ఆపేశావుగా! పెళ్ళైన కొత్తలో పిన్ని స్టేషన్లో తప్పిపోయిందన్నావ్. ఇంతకీ రైలెక్కిందా, లేదా?"

కిరాణా కొట్టాయన ముందుకు జరిగాడు. "అవును, నాకూ అక్కడే ఆపాడు."

బాబాయి దుమ్ము పడిందంటూ కళ్ళు తుడుచుకున్నాడు. "ఎక్కడ ఎక్కుతుందిరా? మంచినీళ్ళకని దిగి, ఎవరో పెళ్ళివాళ్ళలో కలిసిపోయిందీ..." అని మొదలుపెట్టాడు.

పిన్ని రైలెక్కేసరికి పోస్ట్‌మ్యాన్ తలమీద ఒక్క వెంట్రుక మిగల్లేదు.