పన్నెండు మంది పెద్దలు, ఒక ఇంగ్లీషు పాఠం

ఒక పిల్లకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పడానికి పన్నెండు మంది పెద్దవాళ్లు కావాలని కనిపెట్టిన రోజునే మానవజాతి నాగరికతలో ఆఖరి మెట్టు ఎక్కేసింది. అంతకుముందు ఆ పనిని ఒక్క మనిషే వంటింట్లో కూరగాయలు తరుగుతూ కానిచ్చేసేది. ఎంత అనాగరికం!

ఆ ఒక్క మనిషి మూడో అంతస్తు ఇల్లాలు. భర్త ఉద్యోగం పుణ్యమా అని పరాయి దేశం వచ్చి నాలుగేళ్లయింది. చేతిరుమాళ్లను కూడా అంచుకు అంచు కలిపి మడిచే రకం. రెండో అంతస్తు పిల్లకు ఎనిమిదేళ్లు. వాళ్లొచ్చి ఐదు నెలలే. ఇంట్లో గలగలా వాగే ఆ పిల్ల బడిలో నోరు విప్పదు. ఆరు వారాల్లో పరీక్ష. ప్రధానోపాధ్యాయురాలి ముందు నిలబడి తనంతట తాను ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పాలి. చెప్పలేకపోతే రెండు తరగతులు కిందికి దింపేస్తారు. అంటే సరిగ్గా తమ్ముడి పక్క బెంచీకి.

"వాడు ఇప్పట్నించే నన్ను అక్కా అనడం మానేశాడు అత్తయ్యా," అంది పిల్ల, బీన్సు తుంచుతూ.

"వాడి మొహం. నువ్వు నోరు తెరువు, వాడే మూస్తాడు."

పిల్ల తల్లి ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తుంది. "మీరే దిక్కు వదినా" అని చేతులు పట్టుకుంది. రోజూ సాయంత్రం అరగంట కూర్చోబెడితే సరిపోయేది. కానీ దేనికైనా ఒక పద్ధతి ఉండాలి కదా అని ఇల్లాలు, వీధి చివర బట్టలుతికే మెషీన్ల దుకాణం పైనున్న బాలల భాషా సేవా కేంద్రానికి వెళ్లి, స్వచ్ఛంద సేవకురాలిగా తన పేరూ విద్యార్థినిగా పిల్ల పేరూ నమోదు చేయించింది. (ఈ కథలో జరిగిన పొరపాటు ఇదొక్కటే. మిగతావన్నీ నిబంధనలు.)

ఫారం పద్నాలుగు పేజీలు. పిల్లలతో అనుభవం అన్నచోట ఆమె 'ఇద్దరిని పెంచాను' అని రాసింది.

"అది మీ సొంత వ్యవహారం," అంది సమన్వయకర్త, నొప్పించకుండా. "అనుభవం కిందికి రాదు. సర్టిఫికెట్లేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయండీ. ఒకటి కాలేజీకి వెళ్లింది, ఒకటి ఇంకా నిద్ర లేవలేదు."

సమన్వయకర్త 'లేవు' అని రాసుకుని, కాగితం తిప్పి, వేలితో చోటు చూపించి, "ప్లీజ్ సైన్ హియర్" అంది.

నాలుగో నిబంధన ప్రకారం, నమోదైన సేవకురాలు నమోదైన పిల్లతో కేంద్రం బయట మాట్లాడరాదు. మర్నాడే లిఫ్టులో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"అత్తయ్యా, నాతో మాట్లాడవేం? కోపమా?"

ఇల్లాలు అంతస్తుల అంకెల వైపు చూస్తూ, లిఫ్టు గోడతో చెప్పింది. "కోపం కాదమ్మా. నువ్వు రిజిస్టరయ్యావు."

ఇక పాఠం గురువారాల్లోనే. పెద్దవాళ్లు పిల్లతో ఒంటరిగా ఉండకూడదు గనక మొదటి గురువారం ఒక పరిశీలకుణ్ని వేశారు. ఇల్లాలు మంచినీళ్లకు లేస్తే పరిశీలకుడు పిల్లతో ఒంటరివాడవుతాడని అరగంట గడిచాక ఎవరికో తట్టింది. పాఠం ఆపేశారు. రెండో గురువారానికి రెండో పరిశీలకురాలు వచ్చింది. పరిశీలకులిద్దరూ ఒకరినొకరు పరిశీలించుకుంటున్నారని ఫిర్యాదు రావడంతో మూడో గురువారం వాళ్లమీద పర్యవేక్షకుణ్ని వేశారు. అతను చూసింది రాయడానికి ఒకామె, రాసింది నిజమేనని ఫొటో తీయడానికి ఒకాయన. ఫొటోలో పిల్ల ముఖం కనబడకూడదు గనక, పాఠం సాగినంతసేపూ పిల్ల ముఖానికి అట్ట అడ్డం పెట్టి నిలబడడానికి మరొకాయన. (సౌమ్యుడు. చెయ్యి నొప్పెడితే మార్చుకునేవాడు తప్ప దించేవాడు కాదు.) ఆ రోజు ఇల్లాలు "యాపిల్" అని బొమ్మ చూపిస్తే అట్ట చూసింది.

"ఈ గొడవంతా ఎందుకు, మానెయ్యరాదూ?" అన్నాడు భర్త. "ఇంట్లోనే చెప్పుకో."

"మానడానికీ ఫారం ఉంది. వేశాను. ఆమోదానికి ఎనిమిది వారాలు."

"మరి పరీక్ష?"

"మూడు వారాల్లో."

భర్త ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాడు.

నాలుగో గురువారం అగ్నిమాపక అధికారి వచ్చి భద్రత గురించి పాఠం చెప్పాడు, ఇంగ్లీషు గురించి కాదు. ఐదో గురువారం నాటికి సమయపాలకుడూ, పిల్ల తరఫు ప్రతినిధీ, ఆయన సహాయకురాలూ, ప్రధాన కార్యాలయం నుంచి తనిఖీకి వచ్చినాయనా, అగ్నిమాపక అధికారీ కలిసి, ఇల్లాలితో సహా పెద్దలు పన్నెండు మందయ్యారు. గది సామర్థ్యం పన్నెండు అని గోడమీద రాసుంది. అగ్నిమాపక అధికారి పిల్లతో కలిపి పదమూడని లెక్కపెట్టి, ఒకరు బయటికెళ్లాలన్నాడు. అందరూ తమ మెడలోని గుర్తింపు బిళ్లలు చూసుకున్నారు. బిళ్ల లేనిది పిల్లకొక్కదానికే.

"నన్ను పంపండి," అంది ఇల్లాలు.

"మీరు లేకపోతే పాఠం ఎలా జరుగుతుందండీ?" అన్నాడు పిల్ల తరఫు ప్రతినిధి. పిల్ల హక్కుల విషయంలో ఆయన రాజీపడే మనిషి కాదు.

పిల్ల వెళ్లి వసారాలో, వచ్చేపోయే ప్రతివాళ్లకీ సమన్వయకర్త వేలితో చోటు చూపించి సంతకం పెట్టించే బల్ల పక్కన కూర్చుంది. లోపల పాఠం దివ్యంగా సాగింది. పర్యవేక్షకుడు రంగుల పేర్లన్నీ తడుముకోకుండా చెప్పాడు. అట్టాయన అలవాటు కొద్దీ ఖాళీ కుర్చీకే అట్ట పట్టాడు. పిల్లకు ఎటువంటి ప్రమాదమూ లేని తొలి తరగతిగా దాన్ని నివేదికలో ప్రశంసించారు. ఆరో గురువారం కూడా అదే ఏర్పాటు ఖాయం చేశారు.

శుక్రవారం పరీక్ష. తల్లికి షిఫ్టు. తోడు వచ్చేవాళ్ల ఫారం నింపి ఇల్లాలే తీసుకెళ్లి, నిబంధన ప్రకారం మాట్లాడకుండా, వెనక బెంచీలో కూర్చుంది. కిటికీలోంచి తమ్ముడు తొంగిచూస్తున్నాడు. ప్రధానోపాధ్యాయురాలి ముందు రెండు కాగితాల కట్టలున్నాయి. పలచటిది ఉన్న తరగతిలోనే ఉంచడానికి, లావుది కిందికి దింపడానికి.

"ఊఁ, చెప్పమ్మా. ఏదైనా సరే, ఒక్క వాక్యం."

పిల్ల నోరు విప్పలేదు. గడియారం ముల్లు కదిలింది. తమ్ముడు నవ్వాడు. అప్పుడు పిల్ల ముందుకు నడిచి, చేతికందిన పలచటి కట్టలోంచి పై కాగితం తీసి, ఆమెవైపు తిప్పి, అడుగు గీతమీద వేలు పెట్టి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అంది.

"ప్లీజ్ సైన్ హియర్."

ప్రధానోపాధ్యాయురాలు వెంటనే కలం తీసి సంతకం చేసింది. కింద తేదీ కూడా వేసింది. పైన ఏం రాసుందో చదవలేదు. చదవడం ఆ పరీక్షలో లేదు.