రెండు మూరల వాకిలి

ఒక పెద్ద అడవిలో ఏకాంబరం అనే ఏదుపంది ఉండేవాడు. ఆయనలో ఒక మంచి గుణం ఉంది. తన రాతని మెచ్చుకోమని ఎవర్నీ ఇబ్బంది పెట్టేవాడు కాదు. ఆ పని తనే చేసుకునేవాడు. రాసిన తాటాకుని దూరంగా పట్టుకుని, తల ఓ పక్కకి వాల్చి, "ఆహా, ఎవడు రాశాడో గానీ!" అనేవాడు.

ఏ బడికీ వెళ్ళినవాడు కాదు. చెట్ల మీద ఎలుగుబంట్లు గీకిన గీతలు చూసి అక్షరాలు నేర్చుకున్నాడు. అవి అక్షరాలు కావని తర్వాత తెలిసింది గానీ, అప్పటికే అడవి మండలిలో కార్యదర్శి ఉద్యోగం వచ్చేసింది.

మండలికి అధ్యక్షుడు ఏనుగు ఐరావతప్ప. ఉపాధ్యక్షుడు నక్క నరహరి. మిగతా సభ్యులంతా చేతులెత్తే శాఖ.

ఒకరోజు నరహరి కన్ను ఏటిగట్టు మీద పడింది. చల్లటి గాలి, మెత్తటి మట్టి, ఎదురుగా నీళ్ళు. అంత మంచి చోట కుందేళ్ళూ ఏదుపందులూ బొరియలు తవ్వుకుని హాయిగా ఉంటున్నాయి. నరహరి అది ఓర్వలేకపోయాడు. వెంటనే మీటింగు పెట్టించాడు.

"అధ్యక్షా! ఏటిగట్టు మీద ఒక్క ఇంట్లోకైనా తమరు అడుగు పెట్టగలరా?"

ఐరావతప్ప ఆలోచించాడు. "నిజమేనోయ్. మొన్న కుందేలు కోమలాంబ బారసాలకి పిలిస్తే బయటే నిలబడి తొండం ఒక్కటే లోపలికి పంపాను. పిల్లలు పామనుకుని జడుసుకున్నారు."

"ఎంత అవమానం! అధ్యక్షులు పట్టని ఇల్లు కూడా ఒక ఇల్లేనా? అలాంటివన్నీ పడగొట్టి కొత్త ఇళ్ళు కడదాం. ఆ కష్టమేదో నేనే పడతాను."

చేతులు లేచాయి.

"మరి వాకిలి ఎంత ఉండాలి? అధ్యక్షుల నడుము కొలిస్తే..." అన్నాడు కొత్తగా సభ్యుడైన తాబేలు.

సభ్యులంతా గుడ్లురిమారు. తాబేలు తల లోపలికి లాక్కున్నాడు. ఆ మండలిలో పెద్దల్ని కొలిచే ఆనవాయితీ లేదు. పెద్దల్నే అడిగి రాసుకోవాలి.

ఏకాంబరం వీపు మీంచి ఒక ముల్లు పీకి, నేరేడు రసంలో ముంచి, వినయంగా అడిగాడు. "తమరి నడుము ఎంతని రాసుకోమంటారు?"

ఐరావతప్ప పొట్ట లోపలికి పీల్చాడు. "ఈమధ్య వెదురు తగ్గించాను. రెండు మూరలు వేసుకో."

ఏకాంబరం ఆయన కూర్చున్న బండ వైపు చూశాడు. ఆ బండే నాలుగు మూరలు. అది కనపడటం లేదు. మాట గొంతుదాకా వచ్చింది. మింగేసి, రెండు అని రాశాడు. గుండ్రంగా, ముచ్చటగా రాశాడు.

"రెండు మూరలకు తక్కువ వాకిలి గల సమస్త గృహములును, ఎవరివి అను వివక్ష లేకుండా, రానున్న పున్నమి నాడు పడగొట్టబడును." వివక్ష ముక్క ఎవరూ చెప్పలేదు. వాక్యం బరువుగా ఉంటుందని ఆయనే వేశాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భార్య కనకరత్నం వాకిట్లో తాటాకు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇదేంటండీ, మన గుమ్మానికి గుచ్చి వెళ్ళారు?"

"నోటీసు. పైకి చదువు, పైకి చదువు. ఎక్కడా ఊపిరి తీసుకోనక్కర్లేదు."

"మన ఇల్లు పడగొడతారని ఉంది."

"ఉంటుంది. ఆ 'వివక్ష లేకుండా' చూశావా? అది నా సొంతం."

"మన వాకిలి ఎంత?"

ఏకాంబరం మొదటిసారి వాకిలి వైపు చూశాడు. "రెండు జానలు."

"మూడు వానాకాలాలు తవ్వానండీ దీన్ని! నేను తవ్వాను, మీరు పర్యవేక్షించారు. ఇప్పుడు మీ చేత్తోనే పడగొట్టిస్తారా? రేపు మీటింగులో లేచి, ఇది తప్పు అని చెప్పండి."

"చెప్తాను."

చెప్పలేదు. నాలుగు మీటింగులయ్యాయి. ప్రతిసారీ లేచి గొంతు సవరించుకున్నాడు. ప్రతిసారీ సభ ఆయన వైపు తిరిగింది. ప్రతిసారీ "కార్యదర్శికి జలుబు" అని తనే మినిట్స్‌లో రాసుకుని కూర్చున్నాడు.

ఈలోగా కోమలాంబ బుద్ధిగా నిబంధన పాటించింది. బొరియ వాకిలిని రెండు మూరలు చేసింది. మూడో రోజు గట్టు కూలి నెత్తిన పడింది. ఏడుగురు పిల్లల్నీ చెవులు పట్టుకుని బయటికి లాగి, నేరుగా కొంగ వకీలు దగ్గరికి వెళ్ళింది. కొంగ వకీలు ఒంటికాలి మీద నిలబడి వాయిదాలడగటంలో దిట్ట. కానీ ఈసారి రెండు కాళ్ళ మీదా నిలబడ్డాడు. మండలి భయపడిపోయింది.

"రాజీ చేసుకుందాం," అన్నాడు నరహరి.

రాజీపత్రం ఏకాంబరమే రాశాడు. మండలి ఏ తప్పూ చేయలేదు. చేయని ఆ తప్పుకు గాను, నరహరి కట్టే మొదటి కొత్త ఇల్లు కోమలాంబకి. బదులుగా, ఇల్లు కూలిందని ఆమె ఎక్కడా అనకూడదు.

"మరి మీ ఇల్లేదమ్మా అని ఎవరైనా అడిగితే?" అంది కోమలాంబ.

"ఉండేది, అభివృద్ధి చెందింది అనమ్మా," అన్నాడు కొంగ వకీలు.

పున్నమి నాడు పొద్దున్నే కొత్త ఇంటి ప్రారంభోత్సవం. మామిడాకులు కట్టారు. అది కాగానే మిగతా ఇళ్ళ పని పట్టడానికి అడవిపందుల దళం గట్టు మీద బారులు తీరింది. మొదటి వరసలో ఏకాంబరం ఇల్లే. గుమ్మానికి అడ్డంగా కనకరత్నం కూర్చుని ఉంది. మొగుణ్ణి చూస్తోంది. అదే భరించలేకపోయాడు ఏకాంబరం.

ఐరావతప్ప దండ వేయించుకుని, పొట్ట పీల్చి, వాకిట్లోకి నడిచాడు. తల వెళ్ళింది. ముందుకాళ్ళు వెళ్ళాయి. అక్కడ పీల్చిన ఊపిరి వదిలాడు. అంతే. ముందుకీ లేదు, వెనక్కీ లేదు.

చప్పట్లు కొట్టబోయిన సభ్యులు చేతులు గాల్లోనే ఆపేశారు.

"అధ్యక్షులు లోపలికి వెళ్ళారు కాబట్టి ఇల్లు సక్రమం!" అన్నాడు నరహరి.

"సగమే వెళ్ళారు కాబట్టి అక్రమం!" అన్నాడు కొంగ వకీలు.

"ముందు నన్ను బయటికి తియ్యండ్రా!" లోపల్నించి కేక వినిపించింది.

"గోడ పగలగొడదాం," అన్నాడు తాబేలు.

"అధ్యక్షులు అడుగుపెట్టిన ఇంటి గోడ ముట్టుకుంటే నేరం!" అని నరహరి అరిచాడు.

కొంగ వకీలు ఏనుగు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. "బాధితుడైన వెనకభాగం తరఫున నేను హాజరవుతున్నాను. మండలి మీద దావా వేస్తాం."

"మండలి అధ్యక్షుడు ముందుభాగంలో ఉన్నాడుగా!"

"అయితే ముందుభాగమే ప్రతివాది."

తోక ఒకసారి ఊగింది. ఒప్పుకున్నట్టు రాసుకున్నారు.

మళ్ళీ రాజీ. షరతులు మూడు. మండలి తప్పు లేదు. అధ్యక్షులు లావు కాదు. వాకిళ్ళ నిబంధన రద్దు. ఏకాంబరం గబగబా రాశాడు. జీవితంలో మొదటిసారి రాసింది తిరిగి చదువుకోలేదు.

కానీ అధ్యక్షుల కాలిముద్ర పడనిదే పత్రం చెల్లదు. ముద్ర వేసే ముందుకాలు లోపలుంది. అందరూ ఏకాంబరం వైపు చూశారు. గట్టు మీద అడవిపందుల దళపతి ఎక్కణ్ణుంచి పడగొట్టాలో కొమ్మతో నేల కొలుస్తున్నాడు.

ఏకాంబరం తాటాకు నోట కరుచుకుని, ఏనుగు వెనకకాళ్ళ సందుల్లోంచి దూరాడు. ముళ్ళు వీలైనంత ముడుచుకున్నాడు. పొట్ట కింద మధ్యదాకా వెళ్ళాడు. అక్కడ ఐరావతప్ప నిట్టూర్చాడు. పొట్ట జానెడు కిందికి దిగింది.

ఆ కేక ఏటి అవతలి కొండకి కూడా వినపడింది. గోడలు, కప్పు, మామిడాకులు, నరహరి అభివృద్ధి అన్నీ ఒకేసారి గాల్లోకి లేచాయి. ఐరావతప్ప గెంతి మళ్ళీ నేల మీద పడ్డప్పుడు, ముద్ర వేసే ఆ ముందుకాలు సరిగ్గా కిందపడ్డ తాటాకు మీద పడింది. అంత స్పష్టమైన ముద్ర మండలి చరిత్రలో లేదు.

అడవిపందులు వెనుదిరిగాయి. కోమలాంబ రాజీల కోసం ఆగకుండా ఎప్పుడో కొత్త బొరియ తవ్వుకుంది, రెండు జానల వాకిలితో.

మర్నాడు మళ్ళీ మీటింగు. ఐరావతప్ప పొట్టకి ఇప్పపిండి కట్టు కట్టించుకుని, కూర్చోలేక నిలబడే ఉన్నాడు. నరహరి లేచాడు.

"అధ్యక్షా! జరిగినదానికి కారణం వాకిలి కాదు, కొలతా కాదు. ముళ్ళు! ఇకమీదట ఏదుపందులు వాటిని గొరిగించుకుని మాత్రమే పెద్దల ముందుకి రావాలి."

చేతులు లేచాయి. ఏకాంబరం కూడా లేచాడు.

"ఏమయ్యా, ఏదో అనబోతున్నావు?" అన్నాడు ఐరావతప్ప.

"ఏం లేదండీ. 'గొరిగించుకుని' అని ఊరుకోవాలా, 'నున్నగా గొరిగించుకుని' అనాలా అని."

"నున్నగా బాగుందోయ్."

అలాగే రాశాడు. ఇంటికెళ్ళాక కనకరత్నం ఆ తాటాకు చదివి, మొగుడి వీపు వైపు, ఆయన మొహం వైపు మార్చి మార్చి చూసింది.

"లేచాను రత్నం. నిలబడ్డాను కూడా," అన్నాడు ఏకాంబరం. "తప్పుని తప్పనడం మాత్రం నాకింకా రాలేదు."

నీతి: ఏనుగు ఇరుక్కుంటే తప్పు వాకిలిది, వాకిలి విరిగితే తప్పు ముళ్ళది.