కుళాయి నీళ్లకూ తెర నీళ్లకూ తేడా

నీటికి రంగు, రుచి, వాసన ఉండవని బడిలో చెప్పిన మాట శుద్ధ అబద్ధమని మా ఊరి నీటి శాఖవారు రుజువు చేశారు. మా కుళాయిలో మూడూ వస్తున్నాయి. మూడింటికీ విడివిడిగా పన్ను వేయడం లేదు కూడా. (అది వాళ్ల మంచితనం. ఎవరూ గుర్తుచేయకండి.)

నా చదువు ఆ పాఠం దాటి ఎంతో దూరం పోలేదు కాబట్టి, పాఠం మారిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మా పాపకి పాలపొడి కలుపుదామని గిన్నెలో నీళ్లు పడితే, పొడి వేయకముందే టీ రంగులో ఉన్నాయి. మరిగించాను. వేడి టీ రంగులోకి వచ్చాయి. గుడ్డతో వడకట్టాను. గుడ్డ రంగు మారింది, నీళ్ల రంగు మారలేదు. డబ్బా నీళ్లు కొందామంటే, బండి మా వీధి మొదట్లోనే ఖాళీ అయిపోతుంది. మాది చివరి ఇల్లు.

"ఇంకేం పిల్లా, టీపొడి కలిసొచ్చింది," అన్నారు మా అత్తగారు. ఆవిడ దేనికీ కంగారుపడరు. ఇంట్లో కంగారు శాఖ మొత్తం నా కిందే ఉంది.

పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, "ఈ నీళ్లు ఆపండి. లేకపోతే ఆస్పత్రిలో పెట్టాల్సి వస్తుంది," అన్నారు. ఒక చంకలో పాప, ఒక చేతిలో సీసాడు నీళ్లు పెట్టుకుని నీటి కార్యాలయానికి వెళ్లాను.

అక్కడ హాల్లో గోడంత తెర. ఊళ్లు కట్టే కంప్యూటర్ ఆట ఒకటుంది కదా, రోడ్డు గీస్తే రోడ్డు, చెరువు తవ్వితే చెరువు, చీమలంత మనుషులు తిరుగుతుంటారు. శాఖవారు అందులో మా ఊరినే కట్టారు. మా వీధి, మలుపులో ఇస్త్రీ బండి, మా మేడ మీద తెగి వేలాడే బట్టల తీగతో సహా. ఊరి పక్కన ఏరు. ఆ ఏటి అందం చూసుకోవడానికి ఒక జల దర్శనాధికారి, ఆయన కింద అలలు చూసే ఆవిడ ఒకరు, మెరుపు చూసే ఆయన ఒకరు. గొట్టాలు చూసే ఉద్యోగం కూడా ఒకటుంది. (ఖాళీగా ఉంది.)

జల దర్శనాధికారి నా సీసా అందుకుని, చీరకి జాకెట్టు గుడ్డ మ్యాచింగ్ చూసినట్టు తెర మీది ఏటికి ఆనించి చూశారు.

"తేడా ఉందమ్మా."

"ఉంది కదండీ!" నాకు ప్రాణం లేచొచ్చింది.

"కొట్టొచ్చినట్టు ఉంది. తెర నీళ్లకూ కుళాయి నీళ్లకూ తేడా ఉండకూడదని నిబంధన. రేపటికల్లా తీసేస్తాం."

అన్న మాట నిలబెట్టుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఫోనుకి సందేశం: 'మీ ఫిర్యాదు పరిష్కరించడమైనది. తేడా లేదు.' కుళాయి తిప్పాను. నిన్నటి టీయే. పాపను భుజాన వేసుకుని పరుగెత్తుకెళితే, తెర మీద ఏరంతా టీ రంగులో పారుతోంది. నా సీసాను ఫోటో తీసి, ఆ రంగే ఏటికి పూశారట.

"అడుగున నలుసులు కూడా వేశాం, చూశారా?" అని అలలావిడ ముచ్చటగా చూపించారు. తలనొప్పికి తలగడ మార్చడం విన్నాను గానీ, తలగడకే తలనొప్పి తెప్పించడం అదే చూడటం.

అయితే ఆ ఆట తయారుచేసినవాళ్లకి మా శాఖవారికున్నంత గుండె నిబ్బరం లేదు. నీళ్లు మురికైతే అందులో మనుషులు జబ్బు పడతారు. మధ్యాహ్నానికల్లా తెర మీది ఇళ్ల నెత్తిన ఎర్ర గుర్తులు లేచాయి. తెర మీది ఆస్పత్రి ముందు క్యూ. వెంటనే అత్యవసర పరిస్థితి ప్రకటించారు. సెలవులో ఉన్న ఇంజనీర్లు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వచ్చిపడ్డారు. తెర మీద పాత గొట్టాలు పీకి కొత్తవి వేశారు. నీళ్లు శుద్ధి చేసే కేంద్రం కట్టారు. పురపాలక అధ్యక్షులవారు వచ్చి తెర ముందు రిబ్బను కత్తిరించారు. తెర మీది ముసలాయన ఒకాయన కోలుకుని బజారుకి బయల్దేరితే హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. (పాప చంకలో ఉంది కాబట్టి ఒంటి చేత్తో, బల్ల మీద.)

ఇంత పనిమంతులను చూశాక ఎవరికైనా ఆశ పుడుతుంది.

"అయ్యా, ఆ గొట్టాలే మా వీధిలో కూడా వేస్తే..."

అధికారి నీళ్లు నమిలారు. (ఏ రంగువో తెలియదు.) "వేశాం కదమ్మా. అది మీ వీధే."

"అది కాదండీ. మేముండే వీధి."

"అమ్మా, ఇక్కడ తవ్వితే ఎవరికీ ఇబ్బంది లేదు. అక్కడ తవ్వితే రాకపోకలు ఆగిపోతాయి, జనం తిడతారు. మీరే ఆలోచించండి."

నేను ఆలోచించుకుంటూ ఇంటికి వెళ్లాను. ఈలోగా తెర మీద మరో ఉపద్రవం. శుద్ధి చేసిన నీళ్లు మరీ తేటగా ఉండి, ఏరు ఎండిపోయిందని చూసినవాళ్లు బెంగపెట్టుకున్నారట. అందుకని మంచి నీలం పూసి, పైన మెరుపు చల్లారు. మెరుపాయనకి శాలువా కప్పారు.

మర్నాటికి మా పాప ఏడుపు మానేసింది. ఏడుపు మానితే హమ్మయ్య అనుకునే తల్లిని కాను. పెదాలు తడిమి చూశాను, పొడిగా ఉన్నాయి. ఆస్పత్రికే బయల్దేరాం. నీటి కార్యాలయం దాకా నడిచొచ్చాక, బండి మాట్లాడుకొస్తానని మా ఆయన ముందుకెళ్లాడు. నేను లోపలికి వెళ్లాను.

"మా పాపను ఒక్కసారి చూడండి," అన్నాను.

అధికారి చూశారు, తెర వైపు. మా ఇంటి మీద నొక్కితే పైకప్పు లేచి లోపల కనబడింది. కుర్చీలో అత్తగారు, పక్కన మా ఆయన, నేను, నేల మీద చకచకా పాకుతున్న పిల్ల. అందరి నెత్తినా పచ్చ గుర్తులు.

"మీ పాప భేషుగ్గా ఉందమ్మా."

"మరి నా భుజాన ఉన్నది ఎవరండీ?"

ఆయన మొదటిసారి పాప ముఖంలోకి చూశారు. తెర చూశారు. మళ్లీ పాపను చూశారు. మనిషి చెడ్డవాడేం కాదు, వెంటనే ఫిర్యాదుల పుస్తకం తెరిచారు.

"నిజమేనమ్మా, తేడా ఉంది. ఫిర్యాదు రాసుకోమంటారా? రేపటికల్లా తీసేస్తాం."

బయట మా ఆయన బండి తెచ్చి కేకేస్తున్నాడు.

"వద్దండీ," అన్నాను. "ఒక్కతైనా బాగుండనివ్వండి."