ఒకే గదిలో బెల్లమూ, ఎండుచేపలూ

మంగళవారం పొద్దున్న త్రినాధరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, మునగపాక వెళ్లి కొత్త బెల్లం పాకం చూసుకోవాలి, పన్నెండింటికల్లా అనకాపల్లి తిరిగొచ్చి తన బెల్లం కొట్లో కూర్చోవాలి. సబ్బవరంలో మిఠాయి దుకాణం నడిపే సన్యాసిరావు ఆ వేళకి ఇతని వెబ్‌సైటు చూసి ఫోను చేస్తానన్నాడు. నచ్చితే ఏడాది పొడుగునా ఆయనకి బెల్లమంతా ఇక్కడి నుంచే. ఆ ఒక్క ఫోను కోసం త్రినాధరావు వారం రోజులుగా అన్నం కూడా సరిగా తినడం లేదు.

టీ చల్లారేలోగా ఫోనులో 'అనకాపల్లి బెల్లం' అని వెతికాడు. ఎప్పుడూ మొదటి పేజీలో కనిపించే తన సైటు ఆరో పేజీ దాకా వెళ్లినా లేదు.

పక్క కొట్లో సెల్‌ఫోన్లు బాగుచేసే శంకర్‌ని అడిగాడు. శంకర్‌కి తెలియని విషయాలు చాలా ఉన్నాయి గానీ, తెలియదని చెప్పే అలవాటు మాత్రం లేదు.

"నీ ఎకౌంట్లో ఇంకేటైనా సైటు ఉందేటి మామా?"

"మా ఎర్రిబాబుది ఉంది. ఎండుచేపలు. సైట్లు పెట్టుకునే చోటు ఇద్దరం కలిపి ఒకటే తీసుకున్నాం."

"అదే మరి. ఒకే ఎకౌంట్లో రెండు సైట్లుంటే సెర్చిలో రేంకు పడిపోద్ది. వీడియోలో సూసేను."

వేరేవాళ్లయితే ఎందుకని అడిగేవారు. త్రినాధరావుకి ఆ అవసరం లేదు. బెల్లం పక్కన చేపలు పెడితే బెల్లానికి వాసన పట్టేస్తుంది. వాళ్ల తాతగారి కాలం నుంచీ చేపలు తిన్న చెయ్యి సబ్బుతో కడుక్కోకుండా గొడౌనులో ఎవరూ అడుగుపెట్టలేదు. అలాంటిది రెండేళ్లుగా రెండింటినీ ఒకే గదిలో పెట్టి, ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం?

ఎర్రిబాబుది పూడిమడక. చుట్టరికం లేకపోయినా కాలేజీ రోజుల నుంచి ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. అలాంటివాడితో 'నీ చేపలు తీసెయ్' అనడానికి త్రినాధరావుకి నోరు రాలేదు. చెప్పకుండా తీసేసి, సాయంత్రానికి ఇంకోచోట పెట్టించేస్తే సరి అనుకున్నాడు. పాస్‌వర్డు తన దగ్గరే ఉంది. ఎకౌంటు తెరిస్తే చేపల పేరుతో ఒక ఫోల్డరు కనిపించింది. తీసెయ్యమని నొక్కాడు. 'నిజంగానా?' అని అడిగింది. నిజంగానే అన్నాడు.

పది నిమిషాల్లో ఎర్రిబాబు ఫోను.

"బావా, నా సైటు కనబడ్డం లేదు. నీదుందేటి సూడు. ఈయాల నీకు సన్యాసిరావు ఫోను కదా, నాకదే బెంగ."

త్రినాధరావుకి సిగ్గేసింది. తన సైటు తెరిచి చూశాడు. అదీ లేదు. సిగ్గు పోయి చెమట పట్టింది.

మునగపాక సంగతి గాలికొదిలేసి, సైట్లు తయారుచేసిన దివ్య ఆఫీసుకి పరుగెత్తాడు. ఆమె మొదట ఎర్రిబాబు సైటు పెట్టి, అతని ఫోల్డరు లోపలే బెల్లానికి ఇంకో ఫోల్డరు పెట్టిందట. పెట్టె పారేస్తే అందులోని డబ్బా మిగలదు కదా.

"ఎవరు తీసేసేరండీ?"

"నేనే. వాసన పడతాదని."

దివ్య నవ్వు ఆపుకోవడానికి కంప్యూటరు వైపు తిరిగింది.

"పక్కపక్కనున్నంత మాత్రాన రేంకు పోదండీ. ఒకదాన్లో వైరసొస్తే రెండోదానికి ఇబ్బందే గానీ, ఊరికే ఏటీ అవదు. పోయిన వారం ఫొటో మార్చేనన్నారు, ఇంకేటైనా ముట్టుకున్నారేటి?"

"ఒక గడిలో టిక్కు పెట్టేను. పక్క కొట్టోళ్లు మన రేట్లు సూడకుండా."

"అది సెర్చిలో ఎవరికీ చూపించొద్దని చెప్పే గడండీ."

రాత్రి తీసిన కాపీ ఆమె దగ్గర భద్రంగా ఉంది. పదకొండూ యాభైకి చేపలు వచ్చాయి, వాటి వెనకే బెల్లమూ వచ్చింది. త్రినాధరావుకి ప్రాణం లేచొచ్చింది. టిక్కు తీసేసినా సెర్చిలో మళ్లీ కనబడటానికి కొన్నాళ్లు పడుతుందని దివ్య చెప్పాక, వచ్చిన ప్రాణం మళ్లీ నీరసపడింది. సన్యాసిరావు వెతికితే ఇంకేం దొరుకుతుంది?

పన్నెండున్నరకి ఫోను మోగింది.

"త్రినాధరావుగారూ, ఇప్పుడే మీ సైటు సూసేం. బెల్లం మీ దగ్గరే ఖాయం."

"ఎలా దొరికిందండీ?" అన్నాడు త్రినాధరావు నీళ్లు నములుతూ.

"మా ఆవిడ ఎండుచేపలు ఎర్రిబాబు సైట్లో కొంటాదండి. అందులో పులుసు ఎలా చెయ్యాలో రాసి, ఇంత బెల్లం ముక్క వెయ్యండి, మా బావ కొట్లోదైతే మంచిదని మీ సైటు లింకు పెట్టేడు. అది నొక్కి మీ కాడికొచ్చేం."

త్రినాధరావుకి గుండె మీంచి బరువు దిగినట్టూ ఉంది, ఏడుపూ వచ్చింది.

సాయంత్రం ఎర్రిబాబు, సైటు తిరిగొచ్చిన సంతోషంలో, ఎండు నెత్తళ్ల చేపల పొట్లం పట్టుకుని వచ్చాడు. త్రినాధరావు జరిగిందంతా ఒప్పేసుకున్నాడు.

"నన్నడిగితే నేనే తీసేద్దును కద బావా," అన్నాడు ఎర్రిబాబు. "బెల్లానికి వాసన పడతాదని నాకు తెలీదేటి."

త్రినాధరావు అతన్ని భుజం పట్టుకుని గొడౌనులోకి తీసుకెళ్లి బెల్లం రుచి చూపించాడు. ఎకౌంటు ఇద్దరికీ ఒకటే ఉంచుకున్నారు.

నెత్తళ్ల పొట్లం మాత్రం వీధి అరుగు మీదే ఉంది.